కూర్చోవడానికి వెళ్లిన పండగలు

మార్చి 1, బుధవారం

పొద్దున మంచు పొడి రాలింది. పది దాటాక ఎండ. పొయ్యి గొట్టం విప్పి మసి దులిపాను.

మధ్యాహ్నం భోజనం దగ్గర నాడీన్ ఒక మాట అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

"డెల్బర్ట్, మన పెళ్లయి ముప్పై నాలుగేళ్లు. ఇన్నేళ్లలో ఒక్క పండగలోనైనా నా పక్కన కూర్చున్నావా?"

ఆలోచించాను.

"మన పెళ్లిలో."

"మన పెళ్లిలో నువ్వు జనరేటర్ దగ్గర ఉన్నావు."

నిజమే. అది మాటిమాటికీ దగ్గి ఆగిపోయేది. ఎవరో ఒకరు పక్కన ఉండాలి.

అయోవాలో వాళ్ల అక్క రొవీనా ఇంట్లో కింది గది ఖాళీగా ఉందట. రంగు కూడా వేయించిందట. ఈ వసంతంలో ఒక్కటంటే ఒక్క పండగలో, మొదటి నుంచి చివరిదాకా, నేను నాడీన్ పక్కన కూర్చోవాలి. కూర్చోలేకపోతే తను ఆ గదికి వెళ్లిపోతుంది.

"చుట్టపుచూపుగా కాదు. పెట్టె సర్దుకుని," అంది. అనేసి నా పళ్లెంలో ఇంకో గరిటెడు చిక్కుళ్లు వేసింది.

ఒక్కటి చాలంది తను. నేను ఐదన్నాను! కూర్చోవడం కూడా ఒక పనేనా?

మార్చి 2, గురువారం

మబ్బు. గొడ్డలికి పదును పెట్టాను.

మంగలి దుకాణం నుంచి ఒక పత్రిక అడిగి తెచ్చుకున్నాను. 'వసంతంలో ఎంత దూరమైనా వెళ్లి చూడాల్సిన యాభై పండగలు'. మొత్తం చదివాను. ఈ దేశంలో నేలలోంచి ఏది పైకొచ్చినా దానికో పండగ. ఆ పండక్కో రాణి. చేపలకో రాణి, పుట్టగొడుగులకో రాణి. ఒకచోట గిలకపాములక్కూడా ఒక రాణి ఉంది. చలికాలమంతా ఇళ్లల్లో ముడుచుకుని ఉంటాం కదా, కాస్త ఎండ రాగానే మతి తప్పుతుంది కాబోలు.

ఎంచుకున్నవి:

పెన్సిల్వేనియాలో మేపుల్ చెట్ల పాకం పండగ. వాషింగ్టన్‌లో చెర్రీ పూలు. టెన్నెసీలో కంచరగాడిదల పండగ. లూసియానాలో మంచినీటి రొయ్యలు. మిసోరిలో పుట్టగొడుగులు.

మన ఊరిది లెక్కలోకి రాదు. బర్చ్ లిక్‌లో ఏటా జరిగే అడవి ఉల్లి విందు. ఏప్రిల్‌లో కొండ మీద మొలిచే ఉల్లి అది. తిన్నవాడి పక్కన మూడు రోజులదాకా కుక్క కూడా పడుకోదు. అగ్నిమాపక స్టేషన్‌లో మా వాలంటీర్లమే వండి పెడతాం. పంది కొవ్వులో బంగాళాదుంపలు వేయించేది నేను. ముప్పై ఒక్కేళ్లుగా నేనే. అది పండగ కాదు, పని.

నియమాలు:

1. ముందు తలుపులోంచే లోపలికి వెళ్లాలి.
2. కూర్చోవాలి.
3. చేతులు జేబుల్లో.
4. నాడీన్ పక్కనే. ఎదురుగా కూడా కాదు.
5. ఎవరైనా "ఒక్క చెయ్యి వేస్తారా" అంటే నాకు చెవుడు.

నాడీన్‌కి చదివి వినిపించాను. "అక్షరాలు తప్పుల్లేకుండా రాశావు," అంది. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడికి అది మెప్పే.

మార్చి 11, శనివారం

చలి, ఎండ. బయల్దేరేముందు కోళ్లకి నీళ్లు పోశాను.

పొద్దున 5.30. బండెక్కాం. నాడీన్ నీలం కోటు వేసుకుంది. హుషారు!

10.40. చేరాం. వీధి పొడుగునా పాకం వాసన. పాకం రాణి ట్రాక్టర్ మీద కూర్చుని చేతులూపుతోంది. చలికి పాపం పెదాలు నీలంగా ఉన్నాయి. అయినా నవ్వుతోంది.

10.55. కూర్చున్నాం! అట్లు, పాకం, సాసేజీలు. నాడీన్ నా మోచెయ్యి పట్టుకుంది.

11.15. పెనం దగ్గరాయన తొందరపడుతున్నాడు. బుడగలు రాకుండానే అట్టు తిరగేస్తున్నాడు. నేనేం అనలేదు.

11.30. "ఏం చూస్తున్నావు?" అంది నాడీన్. "రాణిని," అన్నాను. "రాణి అటువైపు ఉంది," అంది.

12.20. పెనం ఆయన చేతులు తుడుచుకుంటూ ఎటో వెళ్లాడు. పెనం మీద పన్నెండు అట్లు. మనిషి లేడు. అంచులు నల్లబడుతున్నాయి. ఎవరికీ పట్టదు. ఈ దేశం ఎటుపోతోంది?

2.50. కుర్చీ దగ్గరికి తిరిగి వచ్చాను. నాడీన్ అప్పటికే కోటు బొత్తాలు పెట్టుకుంది. నా మెడలో ఎవరిదో ఏప్రను, దాని మీద 'గ్లాడిస్' అని ఎర్రదారంతో కుట్టి ఉంది.

దారిలో:

"ఆయన ఒక్క నిమిషంలో వస్తాననుకున్నాను."

"వచ్చాడా?"

"వచ్చాడు. నా అట్లు చూసి, కానివ్వండి, బాగా వేస్తున్నారన్నాడు."

"అనడూ మరి!"

మొత్తం మీద గంటా ఇరవై అయిదు నిమిషాలు కూర్చున్నాను. ఇంతవరకూ ఇదే ఎక్కువ. మొదటిసారికి ఏమంత చెడ్డది కాదు!

మార్చి 12, ఆదివారం

ఎండ. కోళ్ల గూటికి కొత్త గొళ్లెం.

తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది. ఐదో నియమం ఎవరైనా అడిగితే పనికొస్తుంది. నన్నెవరూ అడగలేదు. అదీ లొసుగు. కొత్త నియమం:

6. మాడుతున్నా చూడకూడదు.

ఏప్రిల్ 1, శనివారం

వాషింగ్టన్. రాత్రంతా వానట. పొద్దుటికి తెరిపి. పని ఏమీ లేదు, మోటెల్‌లో బాత్రూం గొళ్లెం వదులైతే బిగించాను.

ఈ పండగలో తప్పు జరిగే వీల్లేదు. పెనం లేదు, జనరేటర్ లేదు. పూలు చూడ్డమే!

9.00. నీటి ఒడ్డున బెంచీ దొరికింది. కూర్చున్నాం. వాన దెబ్బకి పూలు సగం నేలపాలు. కొమ్మకి నాలుగు రేకులు మిగిలితే ఆ నాలుగింటి కింద నలభైమంది. అందరూ పూలకి వీపు పెట్టి నిలబడుతున్నారు, ఫోటో కోసం. ఇన్ని వందల మైళ్లు వచ్చి పూలని చూసేవాడు ఒక్కడూ లేడు.

9.20. ఒకాయన ఫోన్ చేతికిచ్చాడు. "ఏమనుకోకండి, మా నలుగుర్నీ ఒక్కటి తీస్తారా?" నాడీన్ తల ఊపింది. ఫోటో తియ్యడం పని కాదు. మర్యాద.

9.35. ఆయన వెనక ఇంకో కుటుంబం.

10.15. కొమ్మని ఎడమవైపుకి తెచ్చుకుని, మనిషిని ఒక అడుగు ముందుకు రమ్మంటే మొహం మీద నీడ పడదు. ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. ఆ సంగతి జనానికీ తెలిసిపోయినట్టుంది. వరస కట్టారు.

11.30. ఒకావిడ అడిగింది: "మీరు ఎన్నింటిదాకా ఉంటారు? మా అత్తగార్ని తీసుకొస్తాను."

12.10. వరసలో తర్వాతి మనిషి ఫోన్ చాపింది. తల ఎత్తకుండానే, "ఎంతమంది?" అన్నాను.

"ఒక్కదాన్నే," అంది నాడీన్. "ఒంటరిగా వచ్చాను."

తీశాను. బాగా వచ్చింది. కొంచెం ఎదురువెలుతురు పడింది, అంతే.

ఏప్రిల్ 3, సోమవారం

గాలి. కప్పు మీద రేకు ఒకటి లేస్తే మేకు కొట్టాను.

వాషింగ్టన్ సంగతి పూర్తిగా నా తప్పు కాదు. బెంచీ మీంచి లేచింది మర్యాద కోసం. మర్యాదస్తుడిగా ఉండకూడదని నియమాల్లో లేదు.

సాయంత్రం బర్ల్ హామ్రిక్ వచ్చాడు. మా అగ్నిమాపక దళానికి పెద్ద. గడపలోనే మొదలెట్టాడు.

"ఏరా, ఈసారి ఉల్లి విందుకి నువ్వు లేవట? ఊరంతా చెప్పుకుంటున్నారు. మీ ఆవిడ నిన్ను కట్టేసిందట!"

"కట్టెయ్యలేదు. కూర్చోబెట్టింది."

"రెండూ ఒకటే కదరా."

లోపల్నించి నాడీన్ అంది: "బర్ల్, నీకు కాఫీ ఇవ్వనా, లేక చలిలోనే నిలబడి వాగుతావా?"

"ఇస్తే తాగుతూ వాగుతాను, వదినా!"

దుంపలకి ఎవర్ని పెట్టావని అడుగుదామనుకున్నాను. అడగలేదు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది.

ఏప్రిల్ 15, శనివారం

టెన్నెసీ. మబ్బు లేదు, ఎండ ఘాటుగా ఉంది. పొద్దున బండికి నూనె మార్చాను.

ఈసారి నాడీన్ జాగ్రత్త పడింది. ఇంటి నుంచి మడతకుర్చీలు. ఊరేగింపు వెళ్లే వీధి అంచున వేసింది. నన్ను కూర్చోబెట్టి నా ఒళ్లో తన సంచి పెట్టింది. సంచి మీద కోటు. కోటు మీద ఒక పళ్లెం, అందులో పీచ్ పండ్లు కూరి కాల్చిన తీపి రొట్టె.

"ఇప్పుడు లే చూద్దాం," అంది.

10.00. ఊరేగింపు. వందకి పైగా కంచరగాడిదలు! మెడల్లో పూలు, తోకలకి రిబ్బన్లు. ఒకదానికి టోపీ. వాటి మొహాల్లో ఒక్కటే మాట: మేం పని చేసే జీవాలం, మాకిదేం ఖర్మ. నాకెందుకో చాలా దగ్గరగా అనిపించింది.

10.35. సరిగ్గా మా ముందు ఒకటి ఆగిపోయింది. పేరు డచెస్. ముందు బ్యాండు వాళ్లు, వెనక అరమైలు ఊరేగింపు. యజమాని లాగాడు. తోశాడు. బతిమాలాడు. బూతులు తిట్టాడు, పక్కనే చర్చివాళ్ల బండి ఉందని గుర్తొచ్చి క్షమించమన్నాడు.

"ఇక్కడెవరికన్నా దీని భాష వచ్చా, బాబూ?" అని అరిచాడు. జనం నవ్వారు.

మా నాన్న అడవిలో దుంగలు లాగించింది కంచరగాడిదలతోనే. చెవులు వెనక్కి పడి ఉంటే అది మొండితనం కాదు, భయం. ఇంతమందిలో అది తెలిసినవాడు ఒక్కడు కూడా లేడా?

10.40. రొట్టె పళ్లెం నాడీన్ చేతికిచ్చాను. కోటు ఇచ్చాను. సంచి ఇచ్చాను. తను అన్నీ పట్టుకుంది.

12.00. మైలున్నర నడిపించాను. మైకులో ఎవరో, "వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చిన మన అతిథి!" అన్నారు. చప్పట్లు. డచెస్‌కి మూడో బహుమతి. రిబ్బను నాకు కట్టబోతే దానికి కట్టమన్నాను.

ఊరేగింపు చుట్టు తిరిగి మళ్లీ అదే వీధిలోకి వచ్చింది. నాడీన్ అదే కుర్చీలో ఉంది. పక్కన ఖాళీ కుర్చీ, దాని మీద రొట్టె పళ్లెం. నన్ను చూసి చెయ్యి ఊపింది. ముందు వెళ్లినవాళ్లకీ అలాగే ఊపింది, నా వెనక వచ్చినవాళ్లకీ అలాగే.

దారిలో:

"దానికి భయమేసింది, నాడీన్. ఎదురుగా డప్పులు కదా."

"దాని చెవిలో ఏదో చెప్పావు. చెప్పగానే కదిలింది."

"ఏం లేదు."

"ఏం చెప్పావు, డెల్బర్ట్?"

"పర్లేదు, నేనున్నాను కదా, అని."

నలభై మైళ్లు తను కిటికీలోంచే చూసింది.

ఏప్రిల్ 16, ఆదివారం

వాన. చూరు గొట్టంలో ఆకులు తీశాను.

పరిస్థితి సమీక్షించాను. లూసియానా మరీ దూరం. ఆ రొయ్యల్ని తినేవాడే ఒలుచుకోవాలట, అంటే మళ్లీ పనే. కొట్టేశాను. మిసోరిలో పుట్టగొడుగుల్ని అడవిలో నడుస్తూ ఏరాలట. కూర్చునే వీల్లేదు. రెండో నియమానికి విరుద్ధం. కొట్టేశాను. నియమాన్ని గౌరవించే!

ఏప్రిల్ 18, మంగళవారం

ఎండ. తోటలో మట్టి తిరగేశాను.

"ఇంకొక్కటి మిగిలింది," అంది నాడీన్.

"ఏది? అన్నీ కొట్టేశాను."

"మనది. శనివారం ఉల్లి విందు."

"అది పండగ కాదు."

"నీకు కాదు. ఎన్నేళ్లుగా వెళ్తున్నానో తెలుసా? వంటింటి కిటికీ దగ్గర వరసలో నిలబడతాను. నువ్వు నాకు పళ్లెం ఇస్తావు. ఇచ్చి, నా తల మీంచి 'తర్వాతివాళ్లు రండి!' అని అరుస్తావు."

"వరస పెద్దది కదా."

"ఈసారి ఇద్దరికీ టికెట్లు కొన్నాను. అందరు మొగుడూపెళ్లాల్లాగే వెళ్దాం. తిందాం. వద్దాం. ఇదే ఆఖరు, డెల్బర్ట్. నేను మళ్లీ చెప్పను."

తను చెప్పనంటే చెప్పదు. రంగు వేసిన గది కళ్లముందు కదిలింది. ఏ రంగో అడగలేదు.

కానీ ఇదే తేలిక! మన ఊరు. మన జనం. రెండు గంటలు. కూర్చోలేనా?

ఏప్రిల్ 22, శనివారం

చిరుజల్లు, తర్వాత ఎండ. పొద్దున ఏ పనీ పెట్టుకోలేదు, చేతులు అలవాటు పడాలని.

11.00. వరసలో నిలబడ్డాం. ముందు తలుపులోంచి వెళ్లడం ఇదే మొదలు. స్టేషన్‌కి ఇంత పెద్ద తలుపు ఉందని తెలీదు.

11.40. కూర్చున్నాం. పక్కపక్కనే! వార్త పాకింది. "డెల్బర్ట్ కోగర్ కూర్చున్నాడ్రోయ్!" అని ఎవరో కేక. ఇద్దరు చూసిపోవడానికి వచ్చారు. తొంభై ఏళ్ల ఓపల్ థార్ప్ కర్ర ఊతంగా నడిచి వచ్చి నా నుదురు తడిమింది. "ఒంట్లో బాగాలేదా, నాయనా?"

11.50. పళ్లెం. ఉల్లి, పంది మాంసం, చిక్కుళ్లు, దుంపలు. దుంపలు మందంగా కోశారు. లోపల పచ్చి. "బాగుంది," అన్నాను. నాడీన్ నవ్వు ఆపుకుంది. బాగుంది ఆ నవ్వు.

12.00. "ఏదైనా మాట్లాడు," అంది.

"ఏం మాట్లాడను?"

"ఏదైనా."

"దుంపలు మందంగా కోశారు."

"అది కాకుండా."

ఆలోచించాను. పక్కబల్ల వాళ్లు లేచి వెళ్లిపోయారు, వేరేవాళ్లు వచ్చి కూర్చున్నారు. వాళ్లకి పళ్లేలు వచ్చాయి. నేను ఇంకా ఆలోచిస్తున్నాను. నాడీన్ ఎదురుచూస్తోంది, ఫోర్కు కింద పెట్టి.

12.20. "ఉప్పు తెస్తాను," అన్నాను.

ఉప్పు బల్ల మీదే ఉంది. ఇద్దరం దాన్ని చూశాం. అయినా లేచి వెళ్లాను.

వంటింట్లో బర్ల్ అల్లుడు కర్టిస్ దుంపల దగ్గర ఉన్నాడు. మొదటి వాయి మందంగా వచ్చిందట, రెండో వాయికి సరిచేశాడు. రంగు, కరకర, అన్నీ కుదిరాయి. బర్ల్ నన్ను చూసి గరిటె ఎత్తాడు.

"నీకిక్కడేం పనిరా? పో, పోయి కూర్చో! అంతా బాగానే ఉంది!"

నిజంగానే అంతా బాగుంది. నా అవసరం లేదు. అది నా కళ్లతో చూశాను. చూశాక కూడా సింకులో పెద్ద గిన్నెలు కనబడ్డాయి. ఎవరూ తోమమనలేదు. తోమాను.

అబద్ధం రాయడానికి కాదు ఈ పుస్తకం. గిన్నెతో ఏమీ మాట్లాడక్కర్లేదు. అందుకే తోమాను.

3.15. బయటికొచ్చేసరికి బల్లలు ఎత్తేశారు. కుర్చీలన్నీ మడిచి గోడకి ఆనించారు. మావేవో గుర్తుపట్టలేకపోయాను.

4.00. ఇల్లు. తన కారు లేదు. మంచం కింద పెట్టె లేదు. నీలం కోటు లేదు. ఫ్రిజ్ మీద చీటీ: 'రొవీనా ఇంటికి. కోళ్లకి మేత అయిపోవచ్చింది. నీ ఉల్లి వాసన పోయాక కావాలంటే ఫోన్ చెయ్యి.'

ఏప్రిల్ 23, ఆదివారం

వాన. ఏమీ చెయ్యలేదు.

ఏప్రిల్ 24, సోమవారం

వాన. కంచె ఎలా ఉందో చూశాను. నిలబడే ఉంది. నన్ను చూసి కూలినా బాగుండేది.

ఏప్రిల్ 25, మంగళవారం

తెరిపి. కోళ్లకి మేత తెచ్చాను. అద్దం ముందు నిలబడి ఊదుకున్నాను. వాసన పోయింది. ఫోన్ చేశాను. రొవీనా ఎత్తింది.

"అది పెరట్లో ఉంది, బాబూ. పిలవనా?"

"వద్దులే. నేను బాగానే ఉన్నానని చెప్పు."

"అడిగితే చెప్తాను."

ఏప్రిల్ 29, శనివారం

ఎండ. ఇంటి వెనక తలుపు కిర్రుమంటోంది. దానికి నూనె వెయ్యలేదు. ఇంట్లో ఇంకో చప్పుడు లేదు కాబట్టి.

బర్ల్ వచ్చాడు. వాళ్లావిడ చేసిన మాంసం రొట్టె తెచ్చాడు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాడు.

"అక్కడా ఏదో పండగ ఉందటగా? డచ్చివాళ్ల తులిప్ పూల పండగ. వచ్చే శనివారమట. మా ఆవిడ చెప్పింది."

"నన్ను పిలవలేదు."

"ముప్పై ఒక్కేళ్లుగా ఎవడు పిలిచాడని వచ్చావురా నా వంటింట్లోకి?"

పళ్లెం కడగబోయాను. నా చేతిలోంచి లాక్కుని మురికిదే పట్టుకుపోయాడు.

మే 4, గురువారం

ఎండ. కోళ్లని బర్ల్‌కి అప్పగించాను. పొద్దున 6.00కి బయల్దేరాను. హుషారు! ఈసారి తప్పదు. ఒహాయో దాటాను.

మే 5, శుక్రవారం

ఇండియానా, ఇల్లినాయ్. అంతా చదును. కొండ అనేది లేదు, కంటికి ఆనుకోవడానికి ఏమీ లేదు. దారిలో ఒక ముసలాయనకి టైరు మార్చాను. పండగలో కాదు, రోడ్డు మీద. లెక్కలోకి రాదు.

మే 6, శనివారం

అయోవా, నూవెన్‌బర్గ్. మబ్బు లేదు, గాలి. మోటెల్‌లో పక్క దులిపి సర్దాను.

9.30. ఊరంతా తులిప్ పూలు. పోలీసు స్టేషన్‌కి కూడా గాలిమర. వీధిలో పెద్దా చిన్నా అందరికీ చెక్కబూట్లు, నడుస్తుంటే వడ్రంగి దుకాణంలా చప్పుడు. రాణి ఉంది. ఉండక!

9.45. రొవీనా వీధి అంచున మడతకుర్చీలో కనిపించింది. పక్కన ఖాళీ కుర్చీ.

"నాడీన్ ఏది?"

"కూర్చో ముందు," అంది.

కూర్చున్నాను.

10.00. మేయర్ తెల్ల చేతితొడుగు వేసుకుని వచ్చి, వంగి వీధిని వేలితో రుద్దాడు. వేలు పైకెత్తి జనానికి చూపించాడు. "మురికి! ఈ వీధిలో ఊరేగింపు జరగడానికి వీల్లేదు!" ఏటా అలాగే అంటాడట. అనగానే చీపుళ్లు, బ్రష్షులు, కావిళ్లకి బకెట్లతో ఒక వందమంది వీధిలోకి దిగారు. నీళ్లు గుమ్మరించి రుద్దడం మొదలెట్టారు. పనే పండగ! ఇలాంటి ఊరొకటి ఉందని నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

రెండో వరసలో నాడీన్. తల మీద తెల్ల లేసు టోపీ, కాళ్లకి చెక్కబూట్లు, చేతిలో పొడుగు బ్రష్షు. పక్కావిడతో ఏదో చెబుతూ పడీపడీ నవ్వుతోంది.

10.10. ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. భుజాన కావడి. "పెద్దాయనా, నీళ్లు మొయ్యడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. ఒక్క చెయ్యి..."

రొవీనా నావైపు చూసింది. కావడి బాగా చేశారు, భుజం దగ్గర నున్నగా చెక్కి ఉంది.

"నేను కూర్చోవడానికి వచ్చాను, బాబూ," అన్నాను. ఆ మాట అనడానికి బకెట్ మొయ్యడం కన్నా ఎక్కువ బలం పట్టింది.

11.50. కూర్చుని రెండు గంటలా అయిదు నిమిషాలు. రుద్దుకుంటూ రుద్దుకుంటూ నాడీన్ మా ముందుకి వచ్చింది. మొహం ఎర్రగా కందింది. బ్రష్షు మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఎలా ఉంది, కూర్చోవడం?"

"నడుం పట్టేసింది. నిన్ను చూడ్డం తప్ప చేసేదేం లేదు. నువ్వేమో ఇటు చూడవు. పక్కవాళ్లతోనే నవ్వుతావు."

"అవును," అంది. "అలాగే ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు."

బ్రష్షు తీసుకుని ముందుకి వెళ్లిపోయింది. కాలువ పక్కన ఒక మరక వదిలేసింది. చెప్పలేదు.

3.00. ఊరేగింపు అయ్యాక చెక్కబూట్లు చేత్తో పట్టుకుని వచ్చింది. రొవీనా తన కుర్చీ ఇచ్చి, ఎవరో పిలిచారంటూ వెళ్లింది. ఎవరూ పిలవలేదు.

"ఇంటికి ఎప్పుడు..."

"ఇప్పుడు కాదు," అంది. "ఆ గది బాగుంది. ఇక్కడివాళ్లు బాగున్నారు. చర్చిలో నెలాఖరు శనివారం స్ట్రాబెర్రీల పండగ ఉంది. అందాకా అయితే ఉంటాను. ఆ తర్వాత చూద్దాం."

"వస్తాను."

"రావడం గురించి నేను అడగలేదే."

"కూర్చుంటాను."

"ఎంతసేపు?"

లెక్క చెప్పబోయి మానేశాను.

మే 7, ఆదివారం

తేటగా ఉంది. గాలి పడిపోయింది. రొవీనా ఇంటి వరండాలో కూర్చుని రాస్తున్నాను. కాఫీకి రమ్మంది, నాడీన్ కాదు, రొవీనా. అయినా వచ్చాను. గది ఏ రంగో కిటికీలోంచి కనబడింది. పసుపు.

పాత నియమాలన్నీ కొట్టేశాను. కొత్తవి, ఇవాళ్టి నుంచి:

1. ఒక్క పండగ. ఐదు కాదు.
2. రోజూ పొద్దున పావుగంట కూర్చోవడం సాధన. ఎవరో ఒకరి ఎదుట. కోళ్లు ఎదుట ఉంటే లెక్క కాదు.
3. చెప్పాల్సిన మాటలు ముందే రాసి పెట్టుకోవాలి. దుంపలు రాకూడదు.

మాటలు, ఇప్పటికి తట్టినవి:

ఇండియానా ఎంత చదునుగా ఉందో. ఓపల్ థార్ప్ నా నుదురు తడమడం. ఇంట్లో తలుపు కిర్రుమంటే, తనే వచ్చిందేమో అని రెండుసార్లు లేవడం. ఆ లేసు టోపీ తనకి బాగుందని. అది నిన్ననే చెప్పాల్సింది.

నాలుగు ఉన్నాయి. ఒక్కోటి రెండు నిమిషాలు అనుకుంటే ఎనిమిది. మిగతా పండగంతా ఏం చెయ్యాలో ఇంకా తెలీదు. మూడు వారాలుంది. అవుతుంది!

ఈ వరండా మెట్లలో మూడోది ఊగుతోంది. మేకు అంగుళం పైకి లేచింది, ఎవరైనా తట్టుకుని పడతారు. రెండు దెబ్బల పని. సుత్తి బండిలోనే ఉంది. తెరతలుపు చప్పుడైంది. నాడీన్, చేతిలో రెండు కప్పులు. నా పక్కన చోటు చూసి, ఈ పుస్తకం కాస్త జరపమంటోంది. మెట్టు సంగతి...